నైన్ ఇంచ్ నెయిల్స్ రికార్డుల వెంట ఇండస్ట్రియల్ రాక్ కథ

ఇండస్ట్రియల్ రాక్ అంటే ఏమిటని ఆ సంగీతం వినేవాళ్లను అడిగి చూడండి, ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన ఉండదు. రేకులు, డ్రిల్లింగ్ మిషన్లతో చేసే మోత అని ఒకరంటారు. సింథసైజర్ల మీద నడిచే డాన్స్ పాటలని ఇంకొకరు. మెటల్ గిటార్ల కింద డ్రమ్ మిషన్ పెడితే సరిపోతుందని మూడో మనిషి తేల్చేస్తాడు. కాస్త వయసు పైబడినవాళ్లయితే, అసలైన ఇండస్ట్రియల్ 1981లోనే పోయింది, తర్వాత వచ్చిందంతా నకిలీ సరుకు అంటారు. ప్రతి ఒక్కరి మాటలోనూ కొంత నిజం ఉంది, అందుకే ఆ వాదన ఎప్పటికీ తెగదు.

అందరూ ఈ సంగీతం ఎలా వినిపిస్తుందన్న దగ్గరే ఆగిపోవడం అసలు చిక్కు. వినిపించే తీరు ప్రతి ఐదారేళ్లకూ మారిపోయింది. తయారుచేసే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. ఎక్కడిదో ఒక శబ్దాన్ని పట్టుకోవడం, ముక్కలు చేయడం, ఆ ముక్కను మళ్లీ మళ్లీ తిప్పడం, కావాలని పాడు చేయడం, పాడైనదాన్నే వాయిద్యంగా వాడుకోవడం. ఈ పద్ధతి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో గమనిస్తే ముడి చాలావరకు వదులవుతుంది. అందుకు నైన్ ఇంచ్ నెయిల్స్ రికార్డులు మంచి దారి. ఈ రకం సంగీతాన్ని లక్షల మంది ఇళ్లలోకి తీసుకెళ్లిన బ్యాండ్ అది. "ఇదసలు ఇండస్ట్రియలే కాదు" అన్న తిట్టు బాగా తిన్న బ్యాండ్ కూడా అదే.

కంపెనీ పేరుగా మొదలై

పేరు 1976లో లండన్‌లో పుట్టింది. త్రాబింగ్ గ్రిసిల్ అనే బృందంలో నలుగురు: జెనెసిస్ పి-ఆరిడ్జ్, కోజీ ఫానీ టుట్టి, క్రిస్ కార్టర్, పీటర్ క్రిస్టోఫర్సన్. హాక్నీ ప్రాంతంలో ఒక పాత ఫ్యాక్టరీ భవనంలో వాళ్ల స్టూడియో. దానికి డెత్ ఫ్యాక్టరీ అని పేరు పెట్టుకున్నారు. సొంతంగా ఇండస్ట్రియల్ రికార్డ్స్ అనే లేబుల్ కూడా తెరిచారు. "ఇండస్ట్రియల్ పీపుల్ కోసం ఇండస్ట్రియల్ మ్యూజిక్" అన్న నినాదం వాళ్ల అమెరికన్ స్నేహితుడు మాంటే కజాజా ఇచ్చింది. అంటే మొదట్లో ఇది ఒక శైలి పేరు కాదు, ఓ చిన్న కంపెనీ బోర్డు మీది పేరు.

అందులో వెటకారం ఉంది. రికార్డు కంపెనీలు పాటల్ని సరుకులాగే తయారు చేస్తున్నప్పుడు, ఆ మాట దాచుకోవడం ఎందుకన్నది వీళ్ల వాదన. 1977లో వచ్చిన మొదటి ఆల్బమ్‌కు "సెకండ్ యాన్యువల్ రిపోర్ట్" అని పేరు పెట్టారు. మొదటి విడత 785 కాపీలు. ముందు ఏడాది అక్టోబరులో వీళ్లు లండన్‌లోని ఐసీఏ గ్యాలరీలో పెట్టిన ప్రదర్శన చూసి ఒక ఎంపీ "వీళ్లు నాగరికతను నాశనం చేసేవాళ్లు" అని మండిపడ్డాడు. పేపర్లు ఆ మాటను ఎత్తుకున్నాయి. అంతకంటే మంచి ప్రచారం వాళ్లు డబ్బు పెట్టినా కొనుక్కోలేకపోయేవారు.

సంగీతం నేర్చుకుని వచ్చిన బృందం కాదిది. కార్టర్‌కు ఎలక్ట్రానిక్స్ తెలుసు, పరికరాలు సొంతంగా కట్టేవాడు. క్రిస్టోఫర్సన్ పగలు చేసే ఉద్యోగం హిప్నోసిస్ అనే డిజైన్ సంస్థలో, పింక్ ఫ్లాయిడ్ లాంటివాళ్ల ఆల్బమ్ అట్టలు చేసిన సంస్థ అది. బృందంలో అతను వాయించింది ఒక వింత పెట్టె. కొన్ని క్యాసెట్ ప్లేయర్లను ఒక కీబోర్డుకు తగిలించి, మీట నొక్కితే ఒక్కో టేపులోంచి ఒక్కో శబ్దం వచ్చేలా చేశారు. ఎవరో మాట్లాడుకుంటున్న మాట, ఏదో టీవీ కార్యక్రమంలోని ముక్క, వీధి రొద. ఇలా శబ్దపు ముక్కల్ని పట్టి వాయించే యంత్రాన్నే శాంప్లర్ అంటారు, మామూలు మనిషి కొనుక్కోగలిగేది అప్పటికింకా బజారులోకి రాలేదు. ఈ పెట్టెనూ, ఈ మనిషినీ కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనుంది.

అదే కాలంలో ఉక్కు కర్మాగారాల ఊరు షెఫీల్డ్‌లో కాబరే వోల్టేర్ కూడా టేపు ముక్కలతోనే కుస్తీ పడుతోంది. పశ్చిమ బెర్లిన్‌లో 1980లో మొదలైన ఐన్‌స్టుర్జెండే నాయ్‌బౌటెన్ దారి వేరు. అందులో ఊన్రూ అనే అతను డబ్బుల్లేక డ్రమ్ సెట్ అమ్మేసుకుని, దొరికిన ఇనుప సామానుతోనే వాయిద్యాలు కట్టుకున్నాడు. ఆ జూన్‌లో వాళ్లు ఒక హైవే వంతెన లోపలి ఖాళీలోకి దూరి, ఆ ఇనుప గోడల మోగుడునే రికార్డు చేసుకొచ్చారు. 1984 జనవరిలో లండన్ ఐసీఏలో జరిగిన కచేరీలో వీళ్లలో కొందరు మిషన్లతో స్టేజీనే తొలిచేస్తుంటే నిర్వాహకులు మధ్యలో ఆపించాల్సి వచ్చింది. ఇండస్ట్రియల్ అంటే రేకుల మోత అన్న అభిప్రాయం చాలావరకు ఈ బెర్లిన్ బృందం పుణ్యమే.

త్రాబింగ్ గ్రిసిల్ 1981లో దుకాణం మూసేసింది. పెద్దవాళ్లు చెప్పే చావు తేదీ అదే. కానీ ఆ తర్వాతి రెండు మూడేళ్లలోనే సీక్వెన్సర్లు (స్వరాల వరసను తమంతట తామే తిప్పి వాయించే యంత్రాలు), డ్రమ్ మిషన్లు, శాంప్లర్లు ఒక్కొక్కటిగా చవకయ్యాయి. బెల్జియంలో ఫ్రంట్ 242, కెనడాలోని వాంకూవర్‌లో స్కిన్నీ పప్పీ ఆ పాత మోతను డాన్స్ లయలో కూర్చోబెట్టాయి. షికాగోలో వాక్స్ ట్రాక్స్ అనే రికార్డుల షాపు లేబుల్‌గా మారి యూరప్ సరుకును అమెరికాకు దించింది. ఆ గూటి పక్షే అల్ జోర్గెన్‌సన్ నడిపిన మినిస్ట్రీ బృందం. 1983లో శుభ్రమైన సింథ్ పాప్ ఆల్బమ్‌తో మొదలుపెట్టిన అల్ జోర్గెన్‌సన్ తర్వాత దాన్ని తనదని చెప్పుకోవడానికే ఇష్టపడలేదు. 1986లో లండన్ డబ్ (రెగేలోంచి వచ్చిన, ప్రతిధ్వనులతో ఆడుకునే సంగీతం) నిర్మాత ఏడ్రియన్ షెర్వుడ్‌తో పనిచేసి, టేపును ఎలా వంచాలో నేర్చుకున్నాడు. 1988 ఆల్బమ్‌కు వచ్చేసరికి గిటార్ కూడా శాంప్లర్‌లోకి ఎక్కింది. మెటల్ రిఫ్‌ను, అంటే పదేపదే వచ్చే చిన్న గిటార్ వరసను, ముక్కగా కోసి, మిషన్ లాగా ఏ మార్పూ లేకుండా తిప్పడం. "ఇండస్ట్రియల్" పక్కన "రాక్" వచ్చి చేరింది ఇక్కడే.

క్లీవ్‌లాండ్‌లో రాత్రి డ్యూటీ

నైన్ ఇంచ్ నెయిల్స్ వెనకున్న మనిషి ట్రెంట్ రెజ్నర్ 1965లో పెన్సిల్వేనియాలోని న్యూ కాజిల్‌లో పుట్టి, మెర్సర్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. చిన్నప్పుడే పియానో నేర్చుకున్నాడు. క్లీవ్‌లాండ్ వచ్చి రైట్ ట్రాక్ అనే స్టూడియోలో చేరాడు. ఇంజనీరుకు సాయం చేయడం, నేలకు మైనం పట్టించి తుడవడం, మిగతా చిల్లర పనులు అతని ఉద్యోగం. బుకింగ్‌లు లేని వేళల్లో స్టూడియో వాడుకోవడానికి యజమాని ఒప్పుకున్నాడు. తన తలలో ఉన్నది వాయించగల బ్యాండ్ దొరక్క, పాప్ గాయకుడు ప్రిన్స్ చేసినట్టు దాదాపు అన్నీ తానే వాయించి 1988లో డెమోలు తయారు చేసుకున్నాడు. నైన్ ఇంచ్ నెయిల్స్ అన్నది బ్యాండ్ పేరే అయినా, చాలా ఏళ్లపాటు రికార్డుల్లో అది ఒక్క మనిషే. స్టేజీ మీదకు మాత్రం వాయించేవాళ్లను కూడగట్టుకునేవాడు.

టీవీటీ అనే స్వతంత్ర లేబుల్ 1989 అక్టోబరులో "ప్రెట్టీ హేట్ మెషీన్" విడుదల చేసింది. నిర్మాతల జాబితాలో ఫ్లడ్, జాన్ ఫ్రయర్, కీత్ లెబ్లాంక్‌తో పాటు మినిస్ట్రీకి పాఠం చెప్పిన షెర్వుడ్ కూడా ఉన్నాడు. అట్ట మీద ప్రిన్స్, పబ్లిక్ ఎనిమీల పేర్లు కనిపిస్తాయి, వాళ్ల రికార్డుల్లోంచి తీసుకున్న ముక్కలకు గుర్తుగా. మొదటి సింగిల్ "డౌన్ ఇన్ ఇట్" స్కిన్నీ పప్పీ పాటకు ఎంత దగ్గరగా ఉంటుందో రెజ్నరే ఒప్పుకున్నాడు.

అయితే మరి కొత్తదేమిటి? పద్ధతి అంతా అప్పు తెచ్చుకున్నదే. కొత్తది లోపల పెట్టిన సరుకు. త్రాబింగ్ గ్రిసిల్ హంతకుల గురించీ, మనుషుల్ని అదుపులో పెట్టే వ్యవస్థల గురించీ పాడినా, ఏ భావమూ లేని గొంతుతో, నివేదిక చదివినట్టు పాడేది. రెజ్నర్ ఆ మిషన్ల మధ్యలో తన డైరీ పెట్టాడు. నేను, నా కోపం, నన్ను వదిలేసి వెళ్లిన మనిషి, నన్ను వదిలేసిన దేవుడు. చరణం, పల్లవి, రెండోసారి పల్లవి ఇంకాస్త గట్టిగా. అంటే అక్షరాలా పాప్ పాట కట్టుబడి. పాతవాళ్ల అభ్యంతరం ఇక్కడే: లోకాన్ని నిలదీసిన సంగీతం ఒక కుర్రాడి గుండెకోతకు నేపథ్యంగా మారింది. ఈ అభ్యంతరంలో పస లేదనలేను. కానీ పాతవాళ్లు అక్కడితో ఆగి, పద్ధతి ఎక్కడికి వెళ్తోందో చూడటం మానేశారు.

రికార్డులో కాస్త పలచగా, ఎలక్ట్రానిక్‌గా వినిపించే ఆ పాటలు స్టేజీ మీద గిటార్లతో విరుచుకుపడేవి. 1991లో లొలపలూజా అనే, ఊరూరా తిరిగే సంగీతోత్సవం టూర్‌లో జనం కొన్న టికెట్ ఎవరి కోసమైనా, ఇంటికి వెళ్లేటప్పుడు ఈ పేరు గుర్తుపెట్టుకుని వెళ్లారు. ఆల్బమ్ అమ్మకాలు పది లక్షలు దాటాయి. ఈలోగా లేబుల్‌తో గొడవ ముదిరింది. రెజ్నర్ తర్వాతి రికార్డును టీవీటీకి తెలియకుండా, మారుపేర్లతో స్టూడియోలు బుక్ చేసి పూర్తి చేశాడు. అదే 1992లో వచ్చిన "బ్రోకెన్". గిటార్ మీద గిటార్ పేర్చి కట్టిన గోడ. ఇందులోని "విష్"కు మెటల్ విభాగంలో గ్రామీ కూడా వచ్చింది. సీడీలో ఆరో పాట అయిపోయాక తొంభై దాకా ఖాళీ ట్రాకులు, 98, 99 నంబర్ల దగ్గర దాచిపెట్టిన రెండు పాటలు. అభిమానులు దీన్ని నెత్తిన పెట్టుకుంటారు గానీ, నా మటుకు ఇది ఒకే గదిలో కేకలు పెట్టిన రికార్డు. బాగుంటుంది, త్వరగా అయిపోతుంది, వినేవాడికి కొత్తగా నేర్పేది తక్కువ.

ఒక పాటను విప్పి చూస్తే

"ద డౌన్‌వర్డ్ స్పైరల్" 1994 మార్చిలో వచ్చింది. లాస్ ఏంజలెస్‌లో సియెలో డ్రైవ్ మీది ఒక ఇంట్లో దీన్ని రికార్డు చేశారు. 1969లో నటి షారన్ టేట్ హత్య జరిగిన ఇల్లే అది. రెజ్నర్ అక్కడ స్టూడియో పెట్టి దానికి లే పిగ్ అని పేరు పెట్టడం అప్పట్లో పేపర్లకు మంచి మేత అయింది. తర్వాత టేట్ చెల్లెలు ఎదురుపడి, "మా అక్క చావును వాడుకుంటున్నావా" అని అడిగినప్పుడు తన తెలివితక్కువతనం అర్థమైందని అతనే చెప్పాడు. ఈ ఇంటి కథ గురించి రాసినంతగా ఆ ఇంట్లో జరిగిన పని గురించి ఎవరూ రాయరు.

ఆ పని ఎలా ఉండేదో "క్లోజర్"లో వినొచ్చు. ముందు డ్రమ్ దెబ్బ. బరువుగా, కాస్త తడిగా, ఊపిరి తీసినట్టు. అది ఇగ్గీ పాప్ 1977లో చేసిన "నైట్‌క్లబింగ్" పాటలోంచి తీసుకున్నది. ఆ పాటలో వాయించింది కూడా మనిషి కాదు, డ్రమ్ మిషనే. మిషన్ కొట్టిన దెబ్బ వినైల్ ప్లేట్ మీదకెక్కి, పదిహేనేళ్ల తర్వాత శాంప్లర్‌లోకి దిగి, అక్కడ ఇంకా నలిగి బయటికొచ్చింది. దాని మీద సింథసైజర్ బేస్ చేరుతుంది. తర్వాత గుసగుసగా గొంతు. ఆపైన ఒక్కో విడతకూ ఒక్కో శబ్దం వచ్చి కూర్చుంటుంది, వచ్చినదేదీ లేచి వెళ్లదు. చివరికి గది నిండిపోయి ఊపిరాడదు. అప్పుడు ఒక్కసారిగా అన్నీ తెగిపోయి, ఒంటరిగా ఒక పియానో మెట్లు దిగుతున్నట్టు చిన్న వరస వాయిస్తుంది. ఆ వరసే ఆల్బమ్ పేరున్న పాటలో మళ్లీ వినిపిస్తుంది. రేడియోలు పల్లవిలోని బూతు మాటకు బీప్ వేసి దీన్ని శృంగార గీతంగా తిప్పాయి. తనను తాను అసహ్యించుకునే మనిషి పాట అది.

మిగతా ఆల్బమ్ నిండా ఇలాంటి పనితనమే. మొట్టమొదటి శబ్దం జార్జ్ లూకాస్ తీసిన పాత సినిమా "టీహెచ్‌ఎక్స్ 1138"లో ఒక మనిషిని కొడుతున్న చప్పుడు. "మార్చ్ ఆఫ్ ద పిగ్స్"లో లెక్క పెట్టి చూడండి: ఏడు, ఏడు, ఏడు, ఎనిమిది. మిశ్రచాపు అలవాటైన చెవికి ఏడు కొత్త కాదు, కానీ నాలుగో విడతలో ఒక్కటి ఎక్కువ రావడంతో తొడ మీద వేసే చెయ్యి గాల్లో ఆగిపోతుంది. అదీ నిమిషానికి 269 దెబ్బల వేగంలో. "పిగ్గీ" చివర ఊగిపోయే డ్రమ్స్ ఉన్నాయే, ఈ ఆల్బమ్‌లో రెజ్నర్ స్వయంగా కొట్టిన డ్రమ్స్ అవొక్కటే. మిగతాచోట్ల లయ అంతా గీత గీసినట్టు మిషన్ మీద నడుస్తుంటే, ఇక్కడ మాత్రం మనిషి అదుపు తప్పుతాడు. గిటారిస్ట్ ఏడ్రియన్ బెలూ వచ్చినప్పుడు అతన్ని పాటల మీద తోచింది వాయించమని వదిలేశారు. వాటిలో పనికొచ్చే ముక్కలు తర్వాత ఏరుకున్నారు. మనుషులు వాయించినదాన్ని కూడా దొరికిన శబ్దంలాగే చూడటం అన్నమాట.

ఈ ఆల్బమ్ మోతకు పేరుపడింది. నాకు మాత్రం దీని బలం నిశ్శబ్దంలో ఉందనిపిస్తుంది. ఆఖరి పాట "హర్ట్" మొదలైనప్పుడు గొంతు, గిటార్ తప్ప దాదాపు ఏమీ ఉండదు. ఆ గిటార్ వరసలో షడ్జానికీ ప్రతిమధ్యమానికీ ఉన్నంత దూరం ఒకటి మాటిమాటికీ తగులుతుంది. కల్యాణి రాగం విన్న మనకు ఆ స్వరం చుట్టమే గానీ, పాశ్చాత్య సంగీతం దాన్ని శతాబ్దాలుగా అశాంతికి గుర్తుగా వాడుకుంది. పాట అయిపోయిందనుకున్న క్షణంలో పెద్ద గిటార్ మోత విరుచుకుపడి, సన్నగిల్లుతూ చాలాసేపు మిగులుతుంది.

2002లో జానీ క్యాష్ ఈ పాటను మళ్లీ పాడాడు. గిటార్, పియానో, డెబ్భై ఏళ్ల గొంతు, ఒక బూతు మాట స్థానంలో ముళ్ల కిరీటం. మార్క్ రోమనెక్ తీసిన ఆ వీడియో చూశాక పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నర్ అన్నాడు. "క్లోజర్" వీడియో తీసింది కూడా రోమనెక్కే. ఇక్కడ పాతవాళ్లకు ఇంకో బాణం దొరికింది: ఇండస్ట్రియల్ అంతా ఊడదీసినా పాట నిలబడిందంటే, ఆ మోత అంతా పైపై అలంకారమేగా? దీనికి నా జవాబు, క్యాష్ రికార్డు చివరికి వెళ్లి వినమని. ఒకే పియానో మీట మళ్లీ మళ్లీ, ప్రతిసారీ ఇంకా గట్టిగా పడుతూ, రికార్డింగ్ పగిలిపోతుందేమో అన్నంత దాకా వెళ్తుంది. ఆ మోత చేసే పని అలాగే ఉండిపోయింది, చేసే వాయిద్యం ఒక్కటే మారింది.

క్యాసెట్ పెట్టె మనిషి మళ్లీ

పీటర్ క్రిస్టోఫర్సన్ త్రాబింగ్ గ్రిసిల్ తర్వాత జాన్ బాలన్స్‌తో కలిసి కాయిల్ అనే బృందం నడిపాడు. వీడియోలు తీయడం కూడా అతని వృత్తే. "బ్రోకెన్" పాటలను కలుపుతూ 1993లో తీసిన చిన్న సినిమాకు దర్శకుడు అతనే. అది ఎంత భయంకరంగా ఉందంటే, రెజ్నరే అధికారికంగా విడుదల చేయకుండా ఆపేశాడు. ఒకరి నుంచి ఒకరికి కాపీ అవుతూ, అరిగిపోయిన వీహెచ్‌ఎస్ టేపుల మీదే ఏళ్ల తరబడి తిరిగింది.

కాయిల్ నైన్ ఇంచ్ నెయిల్స్ పాటలకు రీమిక్సులు కూడా చేసింది. అందులో "క్లోజర్" రీమిక్స్ ఒకటి. డాన్స్‌కు పనికొచ్చేలా చేయడం అప్పట్లో రీమిక్స్ అంటే. వీళ్లు పాటలోని మాటలన్నీ దాదాపు తీసేసి, లయను గీరి, అస్థిపంజరంలాంటిది ఒకటి మిగిల్చారు. దర్శకుడు డేవిడ్ ఫించర్ 1995లో "సెవెన్" సినిమా టైటిల్స్‌కు అదే వాడుకున్నాడు. గీకిన అక్షరాలు, వణికే ఫిల్ము, వేళ్ల చర్మాన్ని బ్లేడుతో గీసుకునే చేతులు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో థ్రిల్లర్లు ఈ రెండు నిమిషాలనే నమూనాగా పెట్టుకున్నాయి. 1976లో క్యాసెట్ ప్లేయర్లకు మీటలు తగిలించుకున్న మనిషి చేతిపని, ఇరవై ఏళ్లు తిరక్కుండా, దాని పేరు కూడా తెలియని ప్రేక్షకుల దాకా వచ్చేసింది. రెజ్నర్ ఈ అప్పును దాచుకోలేదు. తర్వాత భార్యతో కలిసి పెట్టిన బృందానికి కాయిల్ మొదటి రికార్డు పేరే పెట్టుకున్నాడు.

వాడకం పెరిగి, గుర్తు చెదిరి

తొంభైల రెండో సగంలో ఈ ధ్వని అన్నిచోట్లా ఉంది. మార్లిన్ మాన్సన్ 1996 ఆల్బమ్‌కు సహ నిర్మాత రెజ్నర్. అదే ఏడాది వచ్చిన "క్వేక్" వీడియో గేమ్‌కు శబ్దాలు చేసింది కూడా అతనే, ఆ ఆటలో మేకుల డబ్బాల మీద బ్యాండ్ గుర్తు కనిపిస్తుంది. జర్మనీ నుంచి రామ్‌స్టైన్ బ్యాండ్ దిగింది. అన్నిచోట్లా ఉండటమే దెబ్బ కొట్టింది. కంప్యూటర్ రికార్డింగ్ మామూలైపోయాక, డ్రమ్స్‌ను గళ్లలో అమర్చడం, గొంతును పగలగొట్టడం, ముక్కల్ని తిప్పడం ప్రతి రాక్ బ్యాండూ, ప్రతి పాప్ నిర్మాతా చేసే పనులయ్యాయి. ఒక శైలికి గుర్తుగా ఉన్న పనులు అందరి పనిముట్లయ్యాక ఆ శైలి విడిగా కనబడటం కష్టం. ఇండస్ట్రియల్ రాక్ పడిపోయిందని రాసేవాళ్లు నూ-మెటల్ (మెటల్‌లో ర్యాప్ కలిపిన కొత్త శైలి) వచ్చి తినేసిందంటారు. అదీ ఉంది గానీ, సాఫ్ట్‌వేర్ పాత్రే పెద్దదని నా లెక్క.

1999లో వచ్చిన "ద ఫ్రాజైల్" ఈ సందర్భంలో ఎదురీత. న్యూ ఆర్లీన్స్‌లో ఒకప్పుడు శవసంస్కారాల సంస్థగా ఉన్న భవనాన్ని స్టూడియోగా మార్చి, రెండు డిస్కులు నింపాడు. తనకు సరిగా రాని తీగ వాయిద్యాలను కావాలనే చేతిలోకి తీసుకుని, తడబడే ఆ శబ్దాన్నే కంప్యూటర్‌లో పరుచుకున్నాడు. మొదటి వారం అమెరికా పట్టికలో ఒకటో స్థానం, రెండో వారానికి 16. అప్పుడు కొట్టిపారేసిన ఈ రికార్డే నా దృష్టిలో అతని పనుల్లో అన్నిటికంటే గట్టిది. పాటలు లేని వాద్య ముక్కల్లో తర్వాతి సినిమా సంగీతం అంతా అప్పుడే మొలకెత్తి ఉంది.

ఇంకొక సంగతి చెప్పకుండా దాటలేను. మనిషిని లొంగదీసుకోవడానికి శబ్దాన్ని వాడొచ్చన్నది త్రాబింగ్ గ్రిసిల్ కాలం నుంచీ ఈ సంగీతం తవ్వుతున్న విషయం. గ్వాంటనామో నిర్బంధ శిబిరంలో ఖైదీలను హింసించడానికి నైన్ ఇంచ్ నెయిల్స్ పాటలు హోరెత్తించారన్న వార్త బయటపడితే 2008లో రెజ్నర్ మండిపడ్డాడు. తమ పాటలూ అలాగే వాడారని తెలిసిన స్కిన్నీ పప్పీ 2014లో అమెరికా ప్రభుత్వానికి 6,66,000 డాలర్ల బిల్లు పంపామని ప్రకటించింది. 666 సైతాను అంకె అని క్రైస్తవుల్లో ఉన్న మాట తెలిస్తే, దాన్ని ఎంచుకోవడంలో వాళ్ల వెటకారం తెలుస్తూనే ఉంది. పాటల్లో హెచ్చరికగా పెట్టింది ఎవరికో వాడుక సూచనగా పనికొచ్చింది.

ముక్కలు జనానికి

2005 నుంచి రెజ్నర్ ఇంకో పని మొదలుపెట్టాడు. తన పాటలను విడి ట్రాకులుగా, ఎవరైనా ఇంట్లో కంప్యూటర్‌లో తెరిచి కోసుకునేలా ఇచ్చేశాడు. పెద్ద కంపెనీతో ఒప్పందం 2007లో తెగిపోయాక 2008 మార్చిలో "గోస్ట్స్" వచ్చింది. మాటల్లేని 36 ముక్కలు, అన్నిటికీ కలిపి 5 డాలర్లు, మొదటి తొమ్మిదీ ఉచితం. 300 డాలర్ల ప్రత్యేక ప్రతులు 2,500 వేస్తే రెండు రోజులు గడవకముందే అయిపోయాయి. మొదటి వారంలో వచ్చిన రాబడి సుమారు 16 లక్షల డాలర్లు. వ్యాపార లాభానికి కాకపోతే ఎవరైనా వాడుకోవచ్చని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కూడా ఇచ్చాడు.

ఆ ముక్కల దారి పట్టుకునే ఫించర్ మళ్లీ వచ్చాడు, "ద సోషల్ నెట్‌వర్క్"కు సంగీతం కావాలని. రెజ్నర్, అతని సహచర నిర్మాత అట్టికస్ రాస్ కలిసి చేశారు. మొదట్లో వినిపించే పియానో వరసలో ఉన్నవి కొద్ది స్వరాలే. ఆ వరస సినిమాలో తిరిగి వచ్చినప్పుడల్లా మైక్‌ను పియానోకు ఇంకాస్త దూరం జరిపి రికార్డు చేశారు. హీరోకు స్నేహితులు దూరమయ్యేకొద్దీ పియానో చిన్నదైపోతుంది, కింద ఒక సన్నని రొద మాత్రం అలాగే ఉంటుంది. స్వరం మార్చకుండా, రికార్డు చేసే తీరుతోనే కథ చెప్పడం. 2011 ఫిబ్రవరిలో దీనికి ఆస్కార్ వచ్చింది. ఆ విభాగంలో పోటీపడినవాళ్లలో "127 అవర్స్"కు మన ఎ.ఆర్. రెహమాన్ కూడా ఉన్నాడు, కాబట్టి ఆ రాత్రి ఇక్కడ చాలామంది మొదటిసారి ఈ పేర్లు విని మొహం చిట్లించుకుని ఉంటారు. క్రిస్టోఫర్సన్ ఆ వేడుకకు మూడు నెలల ముందే, 2010 నవంబరులో బ్యాంకాక్‌లో కన్నుమూశాడు. రాస్ 2016లో బ్యాండ్‌లో అధికారికంగా సభ్యుడయ్యాడు, ఒంటరి బ్యాండ్‌కు మొదటి శాశ్వత జోడీ. 2021లో "సోల్" యానిమేషన్ సినిమాకు జాన్ బటిస్ట్‌తో కలిసి ఇద్దరికీ రెండో ఆస్కార్ వచ్చింది.

ఇక "గోస్ట్స్"లోని 34వ ముక్క. అందులో బాంజో లాంటి తీగ శబ్దం ఒకటుంది. దాన్ని యంగ్ కియో అనే నెదర్లాండ్స్ కుర్రాడు కోసి బీట్ కట్టి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెడితే, లిల్ నాస్ ఎక్స్ 30 డాలర్లకు కొని "ఓల్డ్ టౌన్ రోడ్" పాడాడు. 2019లో అది అమెరికా పట్టికలో వరసగా 19 వారాలు ఒకటో స్థానంలో కూర్చుంది. అనుమతి సంగతి తర్వాత తేల్చుకున్నారు, రెజ్నర్, రాస్ పేర్లు రచయితల్లో చేరాయి. ఎవరో వాయించినదాన్ని పట్టుకోవడం, కోయడం, తిప్పడం. ఇండస్ట్రియల్ అని ఆ పాటను ఎవరూ అనరు, అనక్కర్లేదు కూడా.

వినాలనిపిస్తే "ప్రెట్టీ హేట్ మెషీన్"తో మొదలుపెట్టడం చాలామంది ఇచ్చే సలహా. నేనైతే ముందు "క్లోజర్" అసలు పాట, వెంటనే కాయిల్ చేసిన రీమిక్స్ పెట్టమంటాను, రెండూ చెవికి ఆనుకునే హెడ్‌ఫోన్లలో. ఆ తర్వాత త్రాబింగ్ గ్రిసిల్ 1979 ఆల్బమ్ "20 జాజ్ ఫంక్ గ్రేట్స్". పేరు చూసి మోసపోకండి, జాజ్ కోసం వెతికితే దొరకదు. అట్ట మీద నలుగురూ చక్కగా బట్టలేసుకుని పూల మధ్య నవ్వుతూ నిలబడ్డ ఆ కొండ అంచు, ఆత్మహత్యలకు పేరుపడ్డ ఇంగ్లండ్ సముద్రతీరపు బీచీ హెడ్.